పేరు కొట్టించిన గుండిగ

సామ్రాజ్యానికి జూన్ నెలంటే బెదురు పట్టుకుంది.

నరసరావుపేటలో ఆమెది స్కూలు యూనిఫారాలు కుట్టే కొట్టు. మొగుడు పోయాక ఒక్క మిషనుతో మొదలుపెట్టి, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా, పదిమంది ఆడవాళ్ళు కూర్చుని కుట్టేదాకా తెచ్చింది. చుట్టుపక్కల బడుల్లో చాలామంది పిల్లల చొక్కాలు, లాగులు, గౌన్లు ఆమె కొట్టులోంచి వెళ్ళినవే. మామూలు రోజుల్లో పని ఏదో నిదానంగా నడుస్తుంది. బడులు తెరిచే వేళకి మాత్రం ఊపిరి సలపదు.

కిందటి జూన్‌లో పిల్లల కొలతలన్నీ ఉన్న కంప్యూటరు మొరాయించింది. అది ముందునించీ తుమ్మితే ఊడే ముక్కే. ఒక పక్క తల్లిదండ్రుల ఆర్డర్లు, ఇంకో పక్క కొత్తగా చేరిన పిల్లల కొలతలు, అన్నీ ఒక్కసారే మీద పడేసరికి చేతులెత్తేసింది. మూడో తరగతి పిల్లలకి ఏడో తరగతి లాగులు వెళ్ళాయి. ఒక పెద్ద బడి ఈమెను వదిలేసి గుంటూరులో ఇంకెవరినో చూసుకుంది.

అందుకని ఈసారి సొంతంగా పెద్ద సర్వరు కొనాలని పంతం పట్టింది. జూన్ రద్దీ ఎంత మీద పడినా తట్టుకునేంత పెద్దది. దానికో ఏసీ గది, కరెంటు పోతే నడవడానికి బ్యాటరీలు. ఆ చోటు కోసం, ఆ ఖర్చు కోసం రెండు కుట్టుమిషన్లు అమ్మేయాలి. వాటి మీద కుట్టే కాశింబీకి, రమణమ్మకి ఇక రావద్దని చెప్పేసింది కూడా. రమణమ్మ కాసేపు బతిమాలింది. కాశింబీ తన కత్తెర సంచిలో వేసుకుని, మిషను మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ సామ్రాజ్యానికి తప్పు చేశానేమోనన్న బాధ ఉంది. అయినా పంతం పంతమే.

కంప్యూటర్లు బాగుచేసే దేవదానం వేరే మాట చెప్పాడు.

“సర్వరు అమ్మితే నాకు నాలుగు డబ్బులు మిగులుతయ్ గాని మేడం, మీకది దండగ. క్లౌడ్‌లో పెట్టుకోండి. అంటే ఇంకొకళ్ళు నడిపే పెద్ద కంప్యూటర్లలో మనకు కావాల్సినంత చోటు అద్దెకు తీసుకోవటం. జూన్‌లో ఎక్కువ తీసుకుంటారు, రద్దీ తగ్గంగానే తగ్గించుకుంటారు. వాడుకున్నదానికే కడతారు. రేపు ఇంకో పది బడులొచ్చినా గది కట్టే పన్లేదు. మీ కొట్లో నీళ్ళొచ్చినా నిప్పంటుకున్నా కొలతలు వేరేచోట భద్రంగా ఉంటయ్. బడికెళ్ళి, అక్కడే ఫోన్లో కొలత ఎక్కించుకోవచ్చు. నెట్ మాత్రం ఉండాలి. పాస్‌వర్డు మీరు జాగ్రత్తగా పెట్టుకోవాలి.”

“అద్దెది ఎప్పటికైనా అద్దెదే దేవదానం. నాకు సొంతం కావాలి,” అంది సామ్రాజ్యం.

అతను సరేనని సంచి సర్దుకున్నాడు. డబ్బిచ్చి కొంటానంటున్న మనిషిని ఎవరు మాత్రం ఎంతసేపు ఆపుతారు?

మర్నాడు ఆమె తన గురువు దగ్గరికి వెళ్ళింది.

గురువు కోటమాంబ గారు. ఊరికి దూరంగా చేల మధ్య రెండు గదుల మఠం ఆమెది. సంసారం చేసి, మనవల్ని ఎత్తుకుని, ఆ తర్వాత గురుపీఠం మీద కూర్చున్న మనిషి. వేదాంతం విందామని వచ్చినవాళ్ళు ఆమె దగ్గర మహా ఇబ్బంది పడతారు. ఎవరు ఏ సందేహం అడిగినా ఆమె ఏదో ఒక పని చెబుతారు.

సామ్రాజ్యం సంగతంతా చెప్పింది. మిషన్ల సంగతీ, ఇద్దరిని పంపేసిన సంగతీ దాచలేదు.

“సొంతం కావాలనుకోటం తప్పా అమ్మా?” అని అడిగింది.

“ఆకలవుతోంది. ముందు అన్నం వండు. ఇయ్యాల మనిద్దరమే,” అన్నారు కోటమాంబ గారు.

సామ్రాజ్యం వంటింట్లోకి వెళ్ళి స్టవ్ పక్కనున్న చిన్న గిన్నె తీసుకోబోయింది.

“అది కాదు. నీ గుండిగలో వండు.”

నీ గుండిగ అనడంలో అబద్ధమేమీ లేదు. మఠంలో ఏడాదికొక్కసారి గురుపూజ జరుగుతుంది. ఆ రోజు వచ్చే జనానికి వండటానికి పాత్రలు, సామాన్లు అద్దెకిచ్చే కొట్టునుంచి తెచ్చేవాళ్ళు. అది చూసి సామ్రాజ్యానికి చిన్నతనం అనిపించింది. మన గురువుగారికి అద్దె పాత్రలేమిటని, నలుగురు పట్టుకుంటే గాని కదలని ఇత్తడి గుండిగ కొని, అంచు మీద తన పేరు కొట్టించి మరీ ఇచ్చింది. గురుపూజ అయిపోయాక అది వంటింట్లో ద్వారం పక్కన కూర్చుంది. కోటమాంబ గారు అప్పటినుంచీ ఆ ద్వారంలోంచి పక్కకి తిరిగి వస్తూ పోతూ ఉన్నారు.

“ఇద్దరికి గుండిగలోనా అమ్మా?”

“సొంతమేగా.”

గురువు మాట కాదనడం సామ్రాజ్యానికి తెలియదు. గుండిగను వాలుగా వంచి, దొర్లించుకుంటూ పెరట్లోకి తెచ్చింది. స్టవ్ మీద నిలబడేది కాదు గనక రాళ్ళు తెచ్చి, ఒక్కో పక్కే ఎత్తి కింద రాయి దోపి పొయ్యి పెట్టింది. లోపల చూస్తే చిలుము పట్టి ఉంది. చింతపండు పెట్టి, సగం ఒళ్ళు గుండిగలోకి వంచి తోమింది.

“లోపలి కళాయి పూత పోయింది గదమ్మా. మళ్ళీ వేయించలేదేం?”

“ఆ పని చేసేవాడు పేటనుంచి రావాలి. పిలవటానికి నీకు తీరలేదు.”

సామ్రాజ్యం ఇంకాస్త చింతపండు తీసుకుని తోమింది.

ఇద్దరికి సరిపడా బియ్యం పోస్తే అడుగున చేరి, ఉన్నాయా లేవా అన్నట్టు కనిపించాయి. ఎసరు ఎంత పొయ్యాలో ఆమెకి అంతుపట్టలేదు. చేతికొచ్చినంత పోసింది. గుండిగ వేడెక్కడానికే కట్టెల మోపులో సగం అయిపోయింది. తీరా వేడెక్కాక ఇక ఆగలేదు. ఒక పక్క బియ్యం పలుకు మీద ఉండగానే ఇంకో పక్క మాడు వాసన వచ్చింది. కలుపుదామంటే గరిటె అందలేదు. సామ్రాజ్యం కొంగు నడుముకు చుట్టుకుని, తల లోపలికి పెట్టి, మసిలో, ఆవిరిలో అన్నాన్ని గోకింది.

“మాడిందమ్మా,” అంది లోపల్నించే.

“వాసనొస్తోంది,” అన్నారు బయటనించి కోటమాంబ గారు.

ఇద్దరూ చెరో ఆకు వేసుకుని కూర్చున్నారు. సగం పలుకు, సగం మాడు. గోంగూర పచ్చడి ఉండబట్టి సరిపోయింది. కోటమాంబ గారు వంక పెట్టకుండా తింటున్నారు. సామ్రాజ్యం ముఖం మీద మసి ఉంది. తుడుచుకోమని ఆమె చెప్పలేదు.

నాలుగు ముద్దలు దిగాక సామ్రాజ్యమే అంది. “గుండిగ సంగతి తెలిసిందమ్మా. తెలియకపోటానికి నేనేం పసిపిల్లను కాదు. కానీ ఇది వేరు. దాంట్లో ఉండేయి పిల్లల పేర్లు, కొలతలు, వాళ్ళ తల్లుల ఫోన్ నంబర్లు. ఎవరో ఏందో తెలియనోళ్ళ దగ్గర ఎట్టా పెట్టేది?”

“ఆ కొలతలు నీకెవరిచ్చారు?”

“బళ్ళవాళ్ళు.”

“వాళ్ళు నీ చుట్టాలా?”

“కాదు. మొదట్లో నేనెవరో కూడా వాళ్ళకు తెలియదు.”

“మరెట్టా ఇచ్చారు?”

“అడిగారమ్మా. ఎక్కడ దాస్తావు, ఎవరెవరు చూస్తారు, ఒక బడి సంగతి ఇంకో బడికి చెప్పవు గదా, పోతే ఎవరిది పూచీ, అన్నీ అడిగారు. అడిగి, కాయితం రాయించుకునే ఇచ్చారు.”

“అయితే నువ్వూ అడుగు.”

సామ్రాజ్యం తల ఊపింది. దేవదానాన్ని ఆమె ఇవేవీ అడగలేదు. అద్దె అన్న మాట చెవిన పడగానే తలుపు మూసేసింది. అది ఇప్పుడు ఆమెకే సిగ్గనిపించింది. కానీ పంతం అంత తేలిగ్గా పోయేదైతే దాన్ని పంతం అని ఎందుకంటారు?

“ఎంతైనా సొంతం సొంతమే గదమ్మా,” అంది మళ్ళీ, ఈసారి కాస్త మెల్లగా.

కోటమాంబ గారు మాడు ముక్క ఒకటి ఏరి ఆకు అంచున పెట్టారు.

“ఇన్ని బడులున్నాయి. ఏ బడీ తనకంటూ ఓ టైలర్ని సొంతంగా పెట్టుకోదేం?”

సామ్రాజ్యానికి నవ్వొచ్చింది. గురువుగారికి వ్యాపారం తెలియదని ఆమెకి ఎప్పటినుంచో జాలి.

“భలేవారే అమ్మా. జూన్ నెల పనికోసం ఏడాది పొడుగూ జీతమిచ్చి టైలర్ని ఎవరు పెట్టుకుంటారు? మిషన్లు కొనాలి, గది కట్టాలి, రిపేర్లు చూసుకోవాలి, పని లేనన్నాళ్ళు ఖాళీగా కూర్చోబెట్టి పోషించాలి. అంత ఖర్మ వాళ్ళకేం? మా కొట్టుంది గదా. కావాల్సినప్పుడు కావాల్సినంత కుట్టించుకుని...”

ఆమె చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

కోటమాంబ గారు గోంగూర మరికాస్త వడ్డించుకుని, అన్నంలో కలుపుకున్నారు.

సామ్రాజ్యం ముద్దను ఆకులో పెట్టింది. తర్వాత ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టుకుని, ఎడమచేత్తో ఫోన్ తీసింది.

“కాశింబీ, రేపు పొద్దున వచ్చెయ్యి. రమణమ్మని కూడా తీసుకురా.”

“వచ్చి యాడ కూర్చోవాలక్కా? నా మిషను అమ్మేశారంటగా.”

“లేదు,” అంది సామ్రాజ్యం. “నీ మిషను అక్కడే ఉంది.”