పగలని ఏడు కుండలు

తూర్పు సముద్రపు హోరు సభామండపం దాకా వినిపించేటంత దగ్గరగా ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు వరుణగిరి. దాన్ని ఏలే రణధవళ భూపతి చెడ్డవాడు కాడు. పంటలు పోయిన ఏట పన్నులు మాఫీ చేసినవాడే. అయితే ఆయనకొక బలహీనత ఉండేది. ముత్తాత ప్రస్తావన వస్తే చాలు, ఆకలిదప్పులు మరచిపోయేవాడు.

ముత్తాత పేరు ధవళరాజు. అంతవరకు ఎవరూ ఎరుగని తూర్పు దీవికి మొట్టమొదట ఓడ నడిపి, క్షేమంగా తిరిగివచ్చి సింహాసనమెక్కినవాడు ఆయనేనని కోటగుమ్మం దగ్గరి శిలాశాసనం చెబుతుంది. అందులో ఎనిమిది పద్యాలున్నాయి. ఎనిమిదీ రాసినవాడు ఆస్థాన శాసనకవి మాచన.

రాసి ఇరవై రెండేళ్లయింది. ఆ పద్యాలకు అప్పట్లో జోడు శాలువలు దక్కాయి. శాలువలు ఏనాడో చిరిగిపోయాయి. పద్యాలు మాత్రం రాతిమీద ఉన్నాయి కనుక చిరగలేదు. వయసు మళ్లిన తర్వాత మాచన ఆ గుమ్మం దాటేటప్పుడల్లా తలవంచుకుని నడిచేవాడు. చూసినవాళ్లు అది వినయమనుకునేవారు.

అసలు సంగతి ఇది. పద్యాలు రాస్తున్న రోజుల్లో ఓడరేవు నుంచి పెంటన్న అనే ముసలి బెస్తవాడు వచ్చాడు. ఆ దీవికి వెళ్లినవాళ్లు తమవాళ్లనీ, రాజుగారు ఒడ్డునే ఉండి కలప మాత్రం ఇప్పించారనీ, వెళ్లినవాళ్ల పేర్లన్నీ తనకు కంఠతా వచ్చుననీ చెప్పాడు. మాచన "రేపు రా" అన్నాడు. పెంటన్న మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. చివరికి నిలబడే పేర్లన్నీ అప్పజెప్పాడు.

"ఇన్ని పేర్లు పద్యంలో ఇమడవయ్యా," అన్నాడు మాచన నవ్వుతూ.

"అయితే పద్దెం పెద్దది సేసుకోండి బాబూ," అన్నాడు పెంటన్న.

గుమ్మం దగ్గరి భటులు పెంటన్నను చూసి పకపక నవ్వారు. నిజానికి ఆ మాటకు నవ్వులపాలు కావలసింది కవి. అది మాచనకు తెలిసేసరికి పెంటన్న తుపానులో పోయాడు.

ఇలా ఉండగా ఆ సంవత్సరం రాజుగారికి ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర ముత్తాత పేరిట ఒక విజయమంటపం కట్టించాలని బుద్ధి పుట్టింది. పునాది తవ్వుతుంటే రొమ్ములోతున నల్లని బురద తగిలింది. ఆ బురదలో నడిమి కన్నమున్న లంగరు రాయి ఒకటి, కొబ్బరిపీచు తాళ్లతో కుట్టిన ఓడపలకలు కొన్ని, వాటి పక్కనే వరుసగా బోర్లించిన మట్టికుండలు బయటపడ్డాయి. ఏడు కుండలు చెక్కుచెదరలేదు. ఎనిమిదోది పెంకులుగా దొరికింది. ప్రతి కుండకూ ఒక చిల్లు ఉంది. ప్రతిదాని మీదా గోటితో గీసినట్టు ఒక గుర్తు ఉంది.

ఆస్థాన పండితుడు విద్యాధర సోమయాజులు పల్లకి దిగకుండానే తీర్పు చెప్పారు. "ఇవి ధవళరాజుగారి పట్టాభిషేక కలశాలు. తీర్థం ధారగా పడటానికే ఈ చిల్లు."

"బోర్లించి ఎందుకు పెట్టారండీ?" అని అడిగాడు మాచన.

"అభిషేకమయ్యాక ఆరబెట్టి ఉంటారు," అన్నారు సోమయాజులు. ఆయన దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండేది కాదు. జవాబు నిజమా అన్న ప్రశ్న ఒక్కటే ఉండేది కాదు.

మర్నాడు మాచన పలకలను తాళ్లతో కుట్టిన తీరుతో సహా చిత్రించుకుందామని పోయేసరికి అక్కడ పలకలు లేవు. సున్నపుబట్టీ వాళ్లు ఎండు కట్టె అనుకుని మంట కింద పెట్టేశారు. ఎవరూ కావాలని చేసిన పని కాదు. మాచన బుట్టలో పారవేయడానికి సిద్ధంగా ఉన్న ఎనిమిదో కుండ పెంకుల్లోంచి చేప గుర్తున్న ఒక్కదాన్ని ఉత్తరీయంలో మూటగట్టుకుని రేవుకు పోయాడు.

పెంటన్న కూతురు పోలమ్మ అక్కడ వల బాగుచేసుకుంటోంది. ఆమెకూ తల నెరిసింది. పెంకును చేతిలోకి తీసుకుని, గుర్తు మీద బొటనవేలు పెట్టి తడిమింది.

"ఇది మా ఇంటి గుర్తు బాబూ. మా అయ్యకు తాత, దాలన్న తాత కుండ ఇది. తుపాను ఇసకేసేసినాక ఆ సోటు మావోళ్లకు మళ్లీ దొరకలేదు." ఆమె ఆ కుండల ఆనవాయితీ ఏమిటో చెప్పింది. అదిప్పుడే చెప్పేస్తే కథ తొందరపడుతుంది. సభలో ఎలాగూ తేలుతుంది.

విన్న తర్వాత మాచన అడిగాడు. "పోలమ్మా, మీ నాన్నకు అందరి పేర్లూ వచ్చేవి. నీకెన్ని వచ్చు?"

"దాలన్న తాత, ఆయన తమ్ముడు అప్పన్న. మిగతా పేర్లు మా అయ్యకే తెలుసు. మీకు సెప్పినాడు గదా బాబూ."

ఆమె దెప్పిపొడవలేదు. నిజంగానే ఆయనకు గుర్తుంటాయనుకుంది. మాచన పెంకును మళ్లీ మూటగట్టుకుని లేచాడు.

దారి పొడుగునా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఒక్క పేరే గుర్తుకు వచ్చింది: పోతురాజు. తేటగీతి పాదం చివర రెండు సూర్యగణాలుగా సరిగ్గా కుదిరే పేరు. ఆనాడు చెవికి ఇంపుగా తోచింది గనుక నిలిచింది. ఛందస్సుకు లొంగని మిగతావాళ్లు చెవిలోంచే జారిపోయారు. ఒక మనిషి పేరు బతకడానికి కారణం అంత అల్పమైనదని తెలిసి ఆయనకు తనమీద తనకే రోత పుట్టింది.

పౌర్ణమినాడు నిండుసభ తీరింది. ఏడు కుండలనూ పట్టుబట్ట పరిచిన పీఠం మీద వరుసగా నిలిపారు. కుడివైపు రాజుగారి దాయాదులు కూర్చున్నారు. వాళ్లు ధవళరాజు తమ్ముడి సంతతి. మూడు తరాలుగా వినయంగా, అంతకంటే ఎక్కువగా ఓపికగా కూర్చుంటున్నారు.

"మాచనా," అన్నాడు రాజు, "ఈ కలశాలు మంటపంలో శాశ్వతంగా ఉంటాయి. వీటిలో మా ముత్తాతగారు స్వయంగా వాడినదాని మీద నీవొక పద్యం చెప్పాలి."

మాచన చేతులు కట్టుకుని లేచాడు. "చిత్తం దేవా. పద్యం ఏ కుండమీదనో తెలిస్తే చాలు. దొరికినవి ఎనిమిది. ఎనిమిదోది పెంకులుగా దొరికింది. చెప్పేముందు దాన్ని కూడా పరిశీలించాలి కదా."

సోమయాజులు ముక్కు మూసుకున్నంత పని చేశారు. "భిన్నకుంభమా? అది అమంగళం. మహారాజవంశానికి దాన్ని అంటగట్టే సాహసం ఎవరికుంది?"

"పండితులవారు వద్దంటున్నారు," అన్నాడు మాచన వినయంగా. "అయినా ఏలినవారి మాట ప్రమాణం."

"నా మాటా అదే," అన్నాడు రాజు. "పగిలిన కుండతో మా వంశానికి ఏ సంబంధమూ లేదు. ఇకమీదట ఉందన్నవాడు మా రాజ్యంలో ఉండడు. లేఖకుడా, రాసుకో."

లేఖకుడు తాటాకు మీద గీశాడు. గంటపు చప్పుడు ఆగేదాకా మాచన ఆగాడు.

"మరి ఈ ఏడింటిలో?"

సోమయాజులు లేచి, అన్నిటికంటే పెద్దదైన కుండను చూపారు. "ఇదే. మీనలాంఛనం చూడండి. సముద్రాన్ని జయించినవారికి తప్ప ఇతరులకు చెల్లదు."

"అవును, అదే," అన్నాడు రాజు. ఆయన కళ్లు చెమర్చాయి కూడా.

"దేవా, పద్యం చెప్పేముందు కుండల సంగతి తెలిసినవాళ్లు ఒకసారి చూస్తే బాగుంటుంది. రేవు నుంచి ఒక వృద్ధురాలిని పిలిపించాను."

రాజు ప్రసన్నుడై ఉన్నాడు గనుక సరేనన్నాడు. పోలమ్మ వచ్చింది. రాజుకు దండం పెట్టబోయి పీఠం వైపు చూసింది. దండం సగంలో ఆగిపోయింది. దగ్గరకు పోయి ఒక్కొక్క కుండనూ అరచేత్తో తాకింది.

"ఏడుగురూ ఇక్కడే ఉన్నారే," అంది. ఆ మాట సభకు చెప్పింది కాదు. కొంగు నోటికి అడ్డుపెట్టుకుని అక్కడే చతికిలబడింది.

రాజు మెల్లగా అడిగాడు. "ఎందుకమ్మా ఏడుస్తావు? ఇవి కలశాలు."

"కలశాలు కావు మారాజా. ఎవుళూ పోని నీళ్లమీదికి పోయేవోడికి ముందే కర్మ సేసేసేవోరు మావోళ్లు. పోయినోడు సచ్చాడో బతికాడో ఎవుళు సెప్పొస్తారు? అందుకని కుండకు సిల్లెట్టి, పగలగొట్టకుండా రేవులో బోర్లించేవోరు. తిరిగొచ్చినోడు తన కుండ తనే తవ్వుకుని, తన సేత్తోనే పగలగొట్టుకోవాల. అప్పుడే ఇంట్లోకి రానిచ్చేది." ఆమె పెద్ద కుండ మీద చెయ్యి వేసింది. "ఈ సేప గుర్తు మాది. దాలన్న తాత తమ్ముడు, అప్పన్నది. పగల్లేదు సూడండి. దాలన్న తాతొక్కడే తిరిగొచ్చినాడు, ఈయన రానేలేదు."

మాచన ఉత్తరీయం విప్పి చేప గుర్తున్న పెంకు తీసి, పెద్ద కుండ పక్కన పెట్టాడు. రెండు గుర్తులూ ఒకే చేతి గీత.

"దేవా," అన్నాడు, "పద్యం చెప్పమంటారా? నాకొక్క చిక్కు వచ్చిపడింది. ఈ కుండ ధవళరాజుగారిదైతే, అది పగలలేదు గనుక వారు సముద్రం నుంచి తిరిగి రాలేదు. వారు రాకపోతే, వచ్చి సింహాసనమెక్కి తమ తాతగారిని కన్నవారు ఎవరని రాయాలి?"

కుడివైపు కూర్చున్న దాయాదులు ఒక్కసారి తలలెత్తారు. వాళ్లలో పెద్దాయన సవరించుకుని కూర్చున్నాడు కూడా.

రాజు సోమయాజుల వైపు తిరిగాడు. సోమయాజులు తడబడుతూ లేచారు. "అంటే, ఏలినవారు చిత్తగించాలి, ఆ పగిలిన కుండే బహుశా ధవళరాజుగారిది కావచ్చు..."

లేఖకుడు కొత్తవాడు, లోకం తెలియనివాడు. తాటాకు పైకెత్తి చదివాడు. "పగిలిన కుండతో మా వంశానికి ఏ సంబంధమూ లేదు. ఉందన్నవాడు మా రాజ్యంలో ఉండడు."

సోమయాజులు లేచినంత తడబాటుతోనే కూర్చున్నారు.

"ఈ కుండల్లో ఏదీ తమది కాదు, దేవా," అన్నాడు మాచన. "ధవళరాజుగారు ఓడెక్కలేదు. ఓడకు కలప ఇప్పించి, ఒడ్డున నిలబడి సాగనంపారు. రాజ్యాన్ని విడిచిపెట్టని రాజు చేయవలసిన పని అది. అలా రాస్తే సింహాసనం ఉంటుంది, సత్యం కూడా ఉంటుంది. పోయేదల్లా నా ఎనిమిది పద్యాలు."

రాజు ఆ పెద్ద కుండ వైపు చూశాడు. దాయాదుల వైపు ఒకసారి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ముందు పెదవులతోనే నవ్వాడు. పోనుపోను ఆ నవ్వు నిజమైంది.

"మాచనా, మా ముత్తాతను శాలువల కోసం సముద్రం మీదికి పంపినవాడివి నీవే. ఇవాళ కుండ చూపించి ఒడ్డుకు దింపినవాడివీ నీవే. ఇన్నేళ్లూ ఆయన్ను తేల్చావు గదా, అదే గొప్ప."

"ఆయన్ను తేల్చడానికి ఇంతమందిని ముంచాను, దేవా."

రాజు నవ్వు ఆగింది. తన చేతి కంకణం తీసి మాచనకు ఇచ్చాడు. "పాత శాసనం చెరిపించు. వెళ్లినవాళ్ల పేర్లు చెక్కించు. ఎనిమిది పేర్లూ చెప్పు."

మాచన మూడు చెప్పాడు. దాలన్న, అప్పన్న, పోతురాజు.

"మిగతా అయిదు?"

"లేవు దేవా. ఇరవై రెండేళ్ల కిందట నా గుమ్మంలోకే వచ్చాయి. నేను లోపలికి రానివ్వలేదు."

"అయిదు పేర్లు కల్పించడం నీకు చేతకాదా ఏమిటి?" అన్నాడు రాజు. ఓదార్చాలనే అన్నాడు.

"చేతనవును దేవా. చేతనవడం వల్లనే ఇంతదాకా వచ్చింది."

కొన్నాళ్లకు కోటగుమ్మం దగ్గర పాత రాయి స్థానంలో కొత్త రాయి నిలిచింది. పైన ధవళరాజు కలప ఇచ్చిన సంగతి ఒక్క వాక్యం. కింద ఎనిమిది పంక్తులు. మూడింటిలో పేర్లున్నాయి. అయిదింటిని నునుపుగా చెక్కించి, అదే వెడల్పున ఖాళీగా వదలమన్నాడు మాచన. శిల్పికి అది నచ్చలేదు. పువ్వులైనా చెక్కుతానన్నాడు. మాచన ఒప్పుకోలేదు.

కుండలను రేవువాళ్లకు ఇచ్చేశారు. అవి తిరిగి ఇసుకలోకి వెళ్లాయి, పగలకుండానే. ఆ పని ముగించుకుని వస్తూ పోలమ్మ రాయి దగ్గర ఆగింది. ఆమెకు చదువు రాదు. మాచన ఆమె వేలు పట్టుకుని మూడు పేర్లూ తడిమించాడు. ఆమె వేలు కిందికి జారి నున్నటి చోట ఆగింది.

"ఇక్కడ ఏటీ లేదేటి బాబూ?"

"అయిదు పేర్లకు చోటు వదిలాం. ఎవరికైనా తెలిస్తే, ఏనాటికైనా వచ్చి చెబుతారేమోనని."

పోలమ్మ ఆ ఖాళీని కొంగుతో ఒకసారి తుడిచింది.

"వచ్చి సెప్పేవోడు, మా అయ్య, ఆనాడే ఒచ్చేసినాడు గదా బాబూ," అంది.