తుంగగడ్డ తిరిగి నాటిన ముస్తగౌరి కథ

చేతిలో అక్షతలు, ఎదుట పీట మీద మట్టి అంటిన తుంగగడ్డ ఉంచుకొని ఈ కథ వినవలెను. కథ నడుచుచుండగా లేచిపోరాదు.

పూర్వము గౌతమీ తీరమున శారద్వతుడను ముని మాండవ్య మహామునికి మ్రొక్కి ఇట్లడిగెను: వానలు వెనుకపట్టగానే పసిబిడ్డల ఒళ్లు కాలుచున్నవి, కడుపులు జారుచున్నవి, తల్లుల పాలు ఇంకుచున్నవి. ఈ భయము తీరు నోము ఏది అని. మాండవ్యుడు శారద్వతుని పాదముల వంక చూచి, దాని మీదనే నిలబడి అడుగుచున్నావు నాయనా అనెను. శారద్వతుడు ఉలికిపడి పక్కకు జరిగెను. అతని కాలి కింద ఉన్నది తుంగ.

ఆదివరాహము భూదేవిని నీటి నుండి ఎత్తినపుడు ఆమె ఒళ్లు జ్వరముతో కాగుచుండెనట. స్వామి మూతితో మట్టి తవ్వి, తుంగగడ్డ నమిలి ఆమె నుదుట పెట్టెను. వేడి దిగెను. అప్పుడు గౌరీదేవి ముస్త యను పేరు గల ఆ గడ్డలో ముస్తగౌరియై కాపురముండి, తవ్వుకొన్నవారు తల్లిగడ్డను తిరిగి మట్టికి అప్పగించవలెనని, మరచినవారి వద్దకు అడుగుటకు వరాహమే వచ్చునని కట్టడి చేసెను. అట్లు మరచిన ఇల్లాలి కథ వినుమని ముని చెప్పసాగెను.

కొలకనూరను పల్లెలో బొల్లన అను రైతుకు పేరిందేవి భార్య. వారికి తొలిచూలు ఆడబిడ్డ మల్లాలు. బిడ్డ కూర్చొన నేర్చు నెలలో జ్వరము తగిలెను. ఒళ్లు పెనమువలె కాలెను. విరేచనములు కట్టలేదు. భయముచే పేరిందేవికి పాలును ఇంకిపోయెను. ఇరుగుపొరుగువారు గడప దాక వచ్చి, లోపలికి రాక మరలిరి.

మల్లాలుకు బొడ్డు కోసిన మంత్రసాని వీరవ్వ మాత్రము లోపలికి వచ్చెను. పొట్ట మీద చెయ్యి వేసి చూచి, చేని వైపు నడిచెను. పేరిందేవి వెంటబడెను. అవ్వ మూడు పలకల కాడ గల గడ్డిని వేళ్లతో తడిమి ఎంచి, కొంకితో తవ్వి, దారమువంటి వేరుకు పూసలు గ్రుచ్చినట్లున్న నల్లని గడ్డలు తీసెను. నిప్పుల మీద వాటి నూగు కాల్చి, దంచి, శొంఠి చేర్చి, నీళ్లు సగమునకు మరుగ కాచి, బిడ్డ నాలుక మీద చుక్క చుక్కగా పోసెను. మిగిలినవి మెత్తగా నూరి తల్లి రొమ్ములకు పట్టు వేసి, ఈ తుంగకు మ్రొక్కుకొమ్మనెను.

"ఈ గడ్డికా అవ్వా నేను దణ్ణం పెట్టేది? రోజూ పీకి గట్టు మీద పారేస్తన్నాను" అనెను పేరిందేవి.

"పారేసినందుకు దానికేం కోపంలేదులే. పొద్దున పీకితే సాయంత్రానికి మళ్లీ వస్తది. దానికి కావాల్సింది ఒక్కటే. తవ్వినప్పుడల్లా మొలకున్న తల్లిగడ్డని మళ్లీ మట్టిలో పెట్టు. చేనికి ఈశాన్యం మూల ఇంత చోటు కలుపు తియ్యకుండా వదిలెయ్. ఆ మూల నీది కాదు, గౌరమ్మది."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే నన్ను పిలవమాక" అని అవ్వ కొంకి దులుపుకొని పోయెను.

మల్లాలుకు చెమట పట్టెను. కడుపు నిలిచెను. తల్లికి పాలు చేపుకొచ్చెను. పేరిందేవి నోము పట్టి, మూల వదలి, తల్లిగడ్డ నాటుచు వచ్చెను. గడ్డల పొడి సున్నిపిండిలో కలిపి బిడ్డకు నలుగు పెట్టెను. బాలింతల ఇండ్లకు తానే మోసుకొనిపోయి ఇచ్చెను. ఇంట పాడి పెరిగెను. గాదె నిండెను. బొల్లన కొత్త ఎద్దుల జత కొనెను.

మల్లాలు మాటలు నేర్చిన యేట జొన్నచేలో కలుపు తీయుచుండిరి. పక్క చేని కోటమ్మ గట్టున నిలిచి, "ఏమే పేరిందేవీ! జొన్నల్లో తుంగ మొలిచిందా, తుంగలో జొన్న మొలిచిందా? ఈ యేడు కూడు మానేసి చాపలల్లుకుంటారేంటే?" అనెను. కూలివారు గొల్లున నవ్విరి.

బొల్లనకు తల కొట్టేసినట్లాయెను. "ఆ మూల కూడా ఊడ్చెయ్యండి! గౌరమ్మకి గుళ్లో చోటు చాలకనా నా చేలోకొచ్చింది?" అని అరచెను.

పేరిందేవి వలదనలేదు. పైగా సిగ్గు కప్పుకొనుటకు తానే కొంకి పట్టి ముందుగా మూలలోనికి దిగెను. కాడలు, వేళ్లు, గడ్డలు అన్నియు కుప్పవేసి, ఎండిన పిదప తన చేతులతోనే నిప్పు పెట్టెను. తల్లిగడ్డ ఒక్కటియు మట్టికి పోలేదు.

ఆ పొగ కమ్మగా ఉండెను. భయమంతయు అందులోనే ఉండెను. ఊరంతయు పొగ తేలిపోయినను, ఆమె తలలోని వాసన పోలేదు. కుంకుళ్లు పోసి రుద్దినను పోలేదు. అన్నము మూత తీసిన అదే వాసన. బిడ్డను ముద్దాడిన అదే వాసన.

మరునాటి మునిమాపు కాలిన మూలలో ఒక ఆడపంది నిలిచి ఉండెను. అడవిపందులు మందగా వచ్చును. ఇది ఒంటిగా వచ్చెను. మూతి మట్టిలో పెట్టి వెదకెను. దొరకలేదు. తల ఎత్తి బొల్లన ఇంటి వైపు చూచి పోయెను. ఆ పిమ్మట చేని నడుమ తవ్వెను. వెన్ను మీది జొన్న పడిపోయెను. పిదప కొట్టము ముందర తవ్వెను. కొత్త ఎద్దులు పారుకొని చచ్చెను. పిదప వాకిట తవ్వెను. బొల్లన మంచము పట్టెను. ఒకనాడు పేరిందేవి పెరటిలోనికి పోగా, గోడ మొదట గుంట కనబడెను. ఆ గోడకు అవతల మల్లాలు పడుకొను చోటు. ఆమె చేటను అక్కడే జారవిడిచి లోపలికి పరుగెత్తెను. బిడ్డ ఒళ్లు కాలుచుండెను.

పేరిందేవి కొంకితో చేనిలో పడెను. తుంగ ఎందు చూచినను పచ్చగా నిలిచి ఉండెను. పీకిన కాడ వచ్చెను, దారము వచ్చెను, గడ్డ లేదు. చేనంతయు పీకెను. ఒక్క గడ్డయు లేదు. పేరిందేవి పక్క చేని గట్టు మీదికి పోగా కోటమ్మ ఆనాటి ఎకసెక్కము మరచి, "తవ్వుకోవే తల్లీ, ఎంత కావాలంటే అంత తవ్వుకో" అని తానును వంగి తవ్వెను. గడ్డలు ఒడినిండ దొరకెను. ఇల్లు చేరి గడప దాటి రోట వేయగా, ఒక్క పోటుకే బూడిద ఆయెను. వాసన లేదు.

వీరవ్వ కాళ్ల మీద పడగా, అవ్వ తాను గడ్డలు దాచుకొన్న కుండ వంచి చూపెను. అందులోను బూడిదయే.

"నన్నడక్కే పిల్లా. అడిగేది రోజూ మునిమాపున నీ చేలోకొస్తనే ఉందిగా. దానికి నువ్వేం బదులు చెప్పావు?" అనెను.

పొద్దు వాలెను. పేరిందేవి వట్టి చేతులతో మూలకు పోయెను. పంది అప్పటికే అచట ఉండెను. వీపు మీది వెంట్రుకలు నిక్కి ఉండెను. కోర మట్టితో తడిసి ఉండెను. ఆమె మోకాళ్ల మీద కూలబడి, "తప్పయిందమ్మా. నవ్వుతారని కాల్చాను. ఎవరో చెప్పి చేయించింది కాదు, నా చేతులే చేసినయ్" అనెను. పంది తవ్వుట మానలేదు. ఆమె దాని మూతి కింద గుంటలో చెయ్యి పెట్టెను. వేడి ఊపిరి మణికట్టుకు తగిలెను. అడుగున వేళ్లకు గుండ్రముగా తగిలెను. తీసి చూడగా ఒక్క గడ్డ. ఒక కొసన తెల్లని మొలక.

ఒక్కటే. ఇంట బిడ్డ కన్ను తేలవేసి ఉన్నది. గడ్డ మొత్తము దంచినను చాలునో చాలదో. మట్టిలో పెట్టినచో, బిడ్డకు ఏమి కాచి పోయును? పట్టుకొని పరుగెత్తుటకు ఆమె కాళ్లు లేచెను. పంది తల ఎత్తి, ఊరక చూచెను. ఆమె కాళ్లు నిలిచెను.

ఆమె గడ్డను పంటితో కొరికి రెండు చేసెను. మొలక ఉన్న తునకయే పెద్దది. ఆ పెద్దదానినే గుంటలో పెట్టి, మట్టి కప్పి, నీళ్లు లేక కంటి తడితోనే అదిమెను. చిన్న తునక గుప్పిట పట్టి, వెనుక గిట్టల చప్పుడు వినబడుచున్నను తిరిగి చూడక నడచెను.

గడప దాటెను. గుప్పిట విప్పెను. బూడిద కాలేదు. దంచగా వాసన లేచెను. ఆ వాసన లేచిన క్షణమునే ఆమె తలలోని పొగ వాసన పోయెను. కాచిన నీళ్లు మల్లాలుకు పోసెను. పిప్పి మరల కాచి బొల్లనకు పోసెను. దీపము పెట్టువేళకు బిడ్డ మెడ కింద చెమట తగిలెను. "అమ్మా, ఆకలి" అనెను. గోడ అవతల ఎవరో నిట్టూర్చినట్లాయెను. పిదప ఏ చప్పుడును లేదు.

మూలలో తుంగ తిరిగి కమ్మెను. బొల్లన లేచి తానే దానికి దడి కట్టెను. తరువాతి యేట కోటమ్మ తన చేని తుంగ కాల్చి, గేదె పాలు ఎండి, మనుమనికి జ్వరము వచ్చి, ఏడ్చుచు వచ్చెను. పేరిందేవి నవ్వలేదు. గడ్డ చేతిలో పెట్టి, "ముందు మట్టికి పెట్టు పిన్నీ, తరవాతే పొయ్యి మీదికి" అనెను. కోటమ్మ అట్లే చేసి మనుమని దక్కించుకొనెను.

కాన శారద్వతా, ఈ నోము కడుపుతో ఉన్నవారు, బాలింతలు, పాలు చాలని తల్లులు, చంటిబిడ్డలున్న ఇండ్లవారు, చేను దున్నువారు ఎల్లరును చేయవచ్చును. భాద్రపదమున ఏ శుక్రవారమైనను మట్టితోనున్న గడ్డను పీట మీద ఉంచి, పసుపు కుంకుమలతో పూజించి, శొంఠి బెల్లము నివేదించి, ఒక బాలింతకు గడ్డలు వాయనమియ్యవలెను. చేసినవారి బిడ్డల ఒళ్లు చల్లగా ఉండును, పాడి తరగదు, చేను పండును అని మాండవ్యుడు చెప్పి, తాను కూర్చున్న చోట తుంగ నలగకుండ లేచెను.

విన్నవారు అక్షతలు తలపై వేసికొని, పీట మీది గడ్డను ముందు మట్టిలో పెట్టి రండి. తరువాతనే విస్తళ్లు. పొద్దు వాలుచున్నది, పెరటి గోడ వైపు ఒకరు చూచి రండి.