అంబారీ నిండింది ప్రభూ

చిన్న కథే. నోట్లో వక్క నమిలేలోపు అయిపోతుంది. మా పక్కింటి కామేశ్వరి వక్క నమలడం మొదలుపెడితే పొద్దుగూకుతుంది, అది వేరే సంగతి. ఆ వక్క అరిగేదాకానే ఆవిడ కోడళ్లకు సుఖమని ఊరంతా అనుకుంటుంది. నేను మాత్రం ఎక్కడా అనలేదు.

సరే, ఒకానొక రాజ్యంలో గంభీరభూపతి అనే రాజు ఉండేవాడు. సభలోకి ముందు ఆయన మీసాలు వచ్చేవి, తర్వాత ఆయన వచ్చేవాడు. జనం ఏరు దాటడానికి రోజుకొక్క పడవ నడిపించేవాడు. డబ్బు కట్టినవాడి చేతిలో రేవు అధికారి తాంబూలం పెట్టేవాడు. తాంబూలం ఇచ్చారంటే చోటు ఇస్తామని మాట ఇచ్చినట్టే.

అయితే తన పడవలో చోటు ఖాళీగా కనిపిస్తే రాజుగారికి కిరీటం వంకరైనట్టుండేది. "ఎలాగూ కొందరు రారు. ఉన్న చోట్లకు మించి తాంబూలాలు ఇచ్చెయ్యండి" అని ఆజ్ఞాపించాడు. అందరూ వచ్చిన రోజున కొందర్ని దించేసి, తలా ఓ లోటా మజ్జిగ చేతిలో పెట్టి, రేపు రమ్మనేవారు.

ఒకనాడు శేషప్ప అనే యువకుడు పట్టుపంచె కట్టి, బుగ్గచుక్క పెట్టుకుని రేవుకొచ్చాడు. అవతలి ఒడ్డున ఆ సాయంత్రమే అతని పెళ్లి. చుట్టాలంతా ఎక్కేశారు. చివరికి శేషప్ప కాలు పెట్టబోతే సరంగు ఆపాడు.

"తాంబూలం ఉందయ్యా."

"ఉంది. చోటు లేదు."

"పెళ్లికొడుకుని నేను."

"మీవాళ్లంతా ఎక్కారుగా, ఇంక పెళ్లికేం లోటు?" అని సరంగు పడవ వదిలాడు.

శేషప్ప ఏడుపుమొహంతో ఆస్థాన విదూషకుడు గవరయ్య దగ్గరికి పరిగెత్తాడు. ఆ మధ్యాహ్నమే రాజుగారి అంబారీ ఊరేగింపు. ఏర్పాట్లన్నీ గవరయ్యవే. సంగతంతా విని, "వెళ్లి రేవులోనే కూర్చో నాయనా. మజ్జిగ మాత్రం తాగకు" అన్నాడు.

మధ్యాహ్నం రాజుగారు ఉన్న నగలన్నీ దిగేసుకుని వచ్చి చూస్తే, ఏనుగు మీద అప్పడాలమ్మే చిట్టెమ్మ బుట్టతో సహా కూర్చుని ఉంది.

"ఏమిటయ్యా ఇది?"

"అంబారీ నిండింది ప్రభూ" అన్నాడు గవరయ్య. "తమరు రేపటి ఏనుగుకు రండి."

"పొద్దున నాకు తాంబూలం ఇచ్చావు కదా."

"చిత్తం. చిట్టెమ్మకూ ఇచ్చాను. పోయిన దసరాకు తమరికి అజీర్తి చేసి రాలేదు. అంతకుముందేమో తలపాగా కుదరక రాలేదు. ఖాళీ అంబారీ తిరిగితే రాజ్యానికి అప్రతిష్ఠ కదా ప్రభూ."

రాజు గుడ్లురిమి పైకి చూశాడు.

"నేను ముందెక్కాను నాయనా" అంది చిట్టెమ్మ. "మరీ తొందరైతే తోక పట్టుకుని నడువు."

గవరయ్య వినయంగా లోటా అందించాడు. రాజు గుక్కెడు తాగి, "ఇందులో మజ్జిగేదయ్యా?" అన్నాడు.

"రేవులో జనం రోజూ అడిగేదీ అదే ప్రభూ. ఇవాళ అక్కడ ఓ పెళ్లికొడుకు కూడా మిగిలిపోయాడు."

 ముందు రాజుగారి మీసాలు కదిలాయి, ఆ వెనక పొట్ట కదిలింది, ఆఖరికి నవ్వు బయటికొచ్చింది. మెడలో ముత్యాలహారం తీసి గవరయ్యకు వేశాడు. ఇకమీదట చోట్లెన్నో తాంబూలాలన్నే అన్నాడు. రేవులో మిగిలిపోయినవాళ్లందర్నీ తన విహారనౌకలో వెంటనే దాటించమన్నాడు. ఊరేగింపు చిట్టెమ్మే చేసింది. జనం పూలు కూడా చల్లారు.

నౌకలో శేషప్పకు బుగ్గచుక్క పెట్టుకున్నవాళ్లు ఇంకో ఇద్దరు కనిపించారు. మాట కలిపితే తేలిందేమంటే, ముగ్గురూ వెళ్లేది ఒకే ఇంటికి. ఈ పడవ తంతు బాగా ఎరిగిన పిల్ల తండ్రి, ఒక్కడైనా వేళకు చేరకపోతాడా అని ముగ్గురితోనూ తాంబూలాలు పుచ్చుకున్నాడట.

ముగ్గురూ వేళకే చేరారు. పిల్ల వాళ్లను వరసగా నిలబెట్టి చూసి, మధ్యవాణ్ణి చేసుకుంది. శేషప్ప చివర నిలబడ్డాడు.