నక్క తవ్విన దొంగ కాలవ

ఏటి ఒడ్డున జంతువులన్నీ కలిసి కట్టుకున్న చిన్న ఊరొకటి ఉండేది. గేదెల కొట్టాలు, పందుల దొడ్లు, కోళ్ల గూళ్లు, అన్నింటి మురుగూ ఒకే కాలవలో పారేది. అది నేరుగా ఏట్లో కలవకుండా ఊరి చివర మూడు కుంటలు తవ్వుకున్నారు. మొదటి కుంటలో మడ్డి అడుక్కి దిగేది. రెండోదాంట్లో జమ్ము వేళ్లు మిగతా మురికిని పట్టేసేవి. మూడోదాంట్లో నీళ్లు ఎండకు తేటపడి, అప్పుడు ఏట్లోకి జారేవి. ఈ కుంటల పని సింగన్న అనే నక్కది. మడ్డి ఎత్తిపోస్తున్నాడని ఊరు వాడికి రోజూ కూడు పెట్టేది.

ఆ ఎండాకాలం ఏరు కంపు కొట్టడం మొదలైంది. చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయి. గట్టు బొరియలో ఉండే నీటికుక్క చెంగమ్మకు ఇద్దరు పిల్లలు. ఆ నీళ్లు తాగి ఇద్దరికీ విరేచనాలు పట్టుకున్నాయి. పెద్దది ఎలాగో తేరుకుంది. చిన్నది తేరుకోలేదు.

చిన్నదాన్ని గట్టు మీద పూడ్చి, ఆ మట్టి చేతులతోనే చెంగమ్మ సింగన్న దగ్గరికి వెళ్లింది.

"మడ్డి ఎత్తుతున్నావా?"

"నడుం పడిపోయేలా ఎత్తుతున్నానక్కా. ఆ కంపు ఎగువ నుంచి వస్తోంది. మనమేం చేస్తాం?"

"మరి మూడో కుంటలో నీళ్లేవి?"

"ఎండలు చూస్తున్నావుగా, ఇగిరిపోయాయి. ఖాళీగా ఉంది కదా అని ఇల్లు వేసుకున్నా."

కుంట అడుగున సింగన్న కొత్త ఇల్లు, చుట్టూ నవనవలాడే పుచ్చ తీగలు. చెంగమ్మకు ఒళ్లు మండిపోయింది. ఊరి పెద్ద దున్న పోలయ్యతో చెప్పుకుంది.

"బిడ్డ పోయిన బాధలో ఉన్నావు," అన్నాడు పోలయ్య నెమరేస్తూ. "ఊరికే ఒకరి మీద నింద వేయకమ్మా. ఇంటికి పో."

ఆమె ఇంటికి పోలేదు. గట్టంతా వాసన పట్టుకుంటూ వెతికింది. పొదల కింద దొరికింది. మొదటి కుంట నుంచి ఏట్లోకి దొంగ కాలవ. మురుగు నల్లగా, చిక్కగా, తిన్నగా ఏట్లో దిగుతోంది. మడ్డి ఎత్తే పని తప్పించుకోవడానికి తవ్వాడు వెధవ.

చూపిస్తే ఏమవుతుంది? తవ్వింది నీటికుక్కే అంటాడు. గట్లు తవ్వే జాతి తనదే మరి. పోలయ్య నమ్ముతాడు కూడా. వాడి నోటితోనే చెప్పించాలి.

మధ్యాహ్నం సింగన్న తిని గుర్రుపెడుతుంటే, చెంగమ్మ రాళ్లూ బంకమట్టీ తెచ్చి కాలవ నోరు గట్టిగా పూడ్చింది. గోళ్లు చిట్లాయి. ఆగలేదు.

పోయే దారి లేక మొదటి కుంట నిండి, మురుగు పాత దారి పట్టింది. ఎండిన జమ్ము మీదుగా మూడో కుంటలోకి, సింగన్న ఇంట్లోకి దూరింది. మెడదాకా మురుగులో మేలుకున్న నక్క, అలాగే కారుకుంటూ, ఊరంతా మేతకు కూడిన చోటికి పరుగెత్తింది.

"పెద్దయ్యా, న్యాయం చెయ్యండి. ఎవరో నా కాలవ పూడ్చేశారు. మురుగంతా నా ఇంట్లోకొచ్చింది."

పోలయ్య నెమరు ఆపాడు. "ఏ కాలవరా?"

"అదే, పొదల కింద..." సింగన్న నోరు మూసుకున్నాడు.

"చెప్పు సింగన్నా," అంది చెంగమ్మ. "మొదటి కుంట నుంచి ఏట్లోకి తవ్వావే, అదేనా?"

ఊరంతా వెళ్లి చూసింది. గేదెలు కొమ్ములతో ఆ ఇంటిని కుళ్లగించాయి. మూడు కుంటల మడ్డీ తీసేదాకా నక్కకు కూడు లేదని, పక్కన పందులు కాపలా ఉంటాయని తీర్పయింది.

పోలయ్య తలదించుకుని వచ్చాడు. "తప్పయిందమ్మా."

"నాకు చెప్పకండి పెద్దయ్యా. రోజూ కుంటల దాకా నడిచి మీ కళ్లతో చూడండి. ముందే చూసుంటే నా బిడ్డ బతికేది."

పోలయ్య అప్పుడే కుంటల వైపు నడిచాడు.

నీతి: మురికిని కంటికి కనపడకుండా తోసేసినవాడు ఊరిని శుభ్రం చేసినట్టు కాదు, కింద నీళ్లు తాగేవాళ్లకు విషం పెట్టినట్టు.