చంద్రిని పందేనికి తీసుకెళ్ళిన ముగ్గురు

మా ఊరి తెలివంతా నూకరాజు, పల్లాలు, చిట్టబ్బాయి అనే ముగ్గురు స్నేహితుల దగ్గరే ఉండేది. నా మాట కాదండోయ్, వాళ్ళే చెప్పుకునేవారు.

నూకరాజు మేనత్త బుల్లెమ్మకి చంద్రి అని ఒక ఆడగుర్రం. పిల్లగా ఉన్నప్పట్నుంచీ దాన్ని పెంచింది ఈ ముగ్గురే. ఏటా జరిగే దిబ్బలపేట గుర్రప్పందెం నాడు పొద్దున్నే బుల్లెమ్మ తేల్చి చెప్పేసింది. "దీన్ని మేపలేక చస్తున్నాను. గెలిస్తే ఉంచుతాను, ఓడితే సంతలో అమ్మేస్తాను. పందెం దాకా దాన్ని అలసిపోనివ్వకండి. ముక్కూమొహం తెలియనివాణ్ణి దగ్గరికి రానివ్వకండి."

చంద్రి లేకుండా ఎలాగరా అని ముగ్గురూ కాసేపు ఏడ్చారు. తర్వాత ఆలోచించారు. నడిస్తే అలసిపోతుందిగా? అంతే, దాన్ని ఎడ్లబండి ఎక్కించారు.

"మరి ఎడ్లు అలసిపోవూ?" అన్నాడు పల్లాలు.

ఇంకేముంది, ఎడ్లని విప్పేసి, మూడు కోసుల దూరం బండి వాళ్ళే లాగారు. చంద్రి దర్జాగా నిలబడి దారిపొడుగునా గడ్డి నమిలింది.

పందెం దగ్గర స్వారీ చేసే మనిషి ఎదురొచ్చాడు. బుల్లెమ్మే మాట్లాడి పెట్టింది.

"నిన్నెప్పుడైనా చూశామా?" అన్నాడు చిట్టబ్బాయి.

"లేదండి."

అంతే, కర్ర తీసుకుని తరిమేశారు. పరుగెత్తేది గుర్రమే కదా, పైన మనిషెందుకని చంద్రిని ఒక్కదాన్నే వరసలో నిలబెట్టారు.

"ఎర్రజెండా దగ్గరికి ముందొచ్చిన గుర్రానిదే గెలుపు," అని మైకులో చెప్పి ఈల వేశారు. వీపు మీద బరువు లేదేమో, చంద్రి అన్నిటికంటే ముందు దూసుకొచ్చింది. నూకరాజుకి ప్రాణం లేచొచ్చింది.

"పాపం, ఇంకా అంత దూరం రావాలిరా. అలసిపోదూ?" అన్నాడు జెండా పక్కన నిలబడ్డ పల్లాలు. "జెండానే మనం తీసుకెళ్దాం."

జెండా పీకి ముగ్గురూ ఎదురు పరుగెత్తారు. మీదికొస్తున్న ఎర్రగుడ్డని చూసి చంద్రి బెదిరి, పొలాలకడ్డంపడి ఇంటిదారి పట్టింది. మిగతా గుర్రాలూ చెదిరిపోయాయి. బెదిరే ఓపిక కూడా లేని ముసలిగుర్రం ఒకటి నింపాదిగా వచ్చి జెండా వాసన చూసింది. కప్పు దానికిచ్చారు.

ముగ్గురూ ఏడుస్తూ ఇల్లు చేరేసరికి బుల్లెమ్మ చంద్రికి హారతిస్తోంది. "ఎంత వేగంగా వచ్చిందో! గెలిచిందని నాకు తెలుసు, మీరేం చెప్పొద్దు," అంది. చెప్పొద్దందిగా, నోళ్ళు మూసుకున్నారు. "ఇక ఇది నా కూతురు. ఎవరడిగినా అమ్మను," అని బుల్లెమ్మ వీధంతా వినేలా చెప్పింది.

మర్నాడు ముగ్గురూ ఉతికిన పంచెలు కట్టుకుని, తాంబూలంతో ముసలిగుర్రం వాళ్ళింటికి వెళ్ళారు. "చంద్రి నాకు మరదలవుతుందండి, పెళ్ళీడుకొచ్చింది," అన్నాడు నూకరాజు. "మీవాడు మా పిల్లని ఓడించాడు కదా, ఈడూజోడూ బావుంటుంది."

ముసలిగుర్రం యజమాని పొట్ట పట్టుకుని నవ్వుతూ వాళ్ళ వెంటే వచ్చి బుల్లెమ్మకి అంతా చెప్పేశాడు. బుల్లెమ్మ చీపురు అందుకుంది. ఇంతలో చంద్రి వచ్చి ఆవిడ భుజం మీద మూతి పెట్టింది. కూతురని నోరారా అన్నాక సంతకెలా తోలుతుంది? చీపురు పడేసి దాని మెడ కావలించుకుంది. "దీన్ని నేనెవరికీ ఇవ్వను, పోండి," అంది.

ముగ్గురూ బయటికొచ్చారు.

"పెళ్ళికొడుకు మరీ ముసలాడని అత్తకి నచ్చలేదురా," అన్నాడు నూకరాజు.

అంతే, అదే తాంబూలం పట్టుకుని పక్క ఊరు బయల్దేరారు. అక్కడొక గాడిద ఉందట, వయసులో చిన్నవాడు, చాలా బుద్ధిమంతుడట.