పోతానన్న స్నేహితుడు

అనగనగా ఒక కొండ. కొండ మీద ఒక కోట. ఆ కోటలో జరిగిన కథ ఇది. గుండె చిక్కబట్టుకుని వినండి.

ఆ కోటను వీరకేతుడనే పడుచు రాజు ఏలేవాడు. ఆయన ప్రాణస్నేహితుడు కుంతలుడు. చిన్నప్పుడు ఒకనాడు ఆటలయ్యాక కుంతలుడు "పోతాను" అని ఇంటికి పరుగెత్తబోయాడు. వీరకేతుడి తల్లి రాణీగారు పట్టుకుని, కొడుకు ఎదుటే అతని చెవి మెలిపెట్టింది.

"పోతాను అనకూడదురా! పోయినవాళ్ళు మళ్ళీ రారు. పోయొస్తాను అనాలి" అంది.

ఆనాటి నుంచి కుంతలుడి నోట 'పోయొస్తాను' అనే మాట ఎన్నడూ తప్పలేదు.

ఆ కోటకు సేనాపతి ఉగ్రబాహుడు. పైకి నవ్వు, కడుపులో పగ. వీరకేతుడి తండ్రి వెనకటికి ఎవరో చెప్పిన చాడీ నమ్మి, ఉగ్రబాహుడి అన్న తల తీయించాడు. ఆ రాజు పోయాడు గానీ పగ పోలేదు. అది కొడుకు మీదికి తిరిగింది.

ఒక పొద్దున సేనాపతి కుంతలుడి మెడ పట్టుకున్నాడు.

"సాయంత్రం రాజు కొలనులో పడవెక్కాలి. నువ్వు తెడ్డు పడితేనే ఎక్కుతాడు. అడుగు చెక్క వదులు చేయించాను. రాజుకు ఈత రాదు. ప్రమాదమని లోకం ఏడుస్తుంది. నువ్వు నోరు జారినా, సైగ చేసినా, నా విలుకాడు రాజును అక్కడికక్కడే పడగొడతాడు. ఆ పైన నేనేమైపోయినా సరే!" అన్నాడు.

కుంతలుడు ఆలోచించాడు. చెబితే బాణం. చెప్పకపోతే నీళ్ళు. ఎటు చూసినా రాజు చావే! తలూపి సభకు నడిచాడు. వెనకే సేనాపతి అడుగుల చప్పుడు.

"ప్రభూ, సాయంత్రం పడవ షికారు. నేనే తెడ్డు వేస్తాను. మరి పోతాను" అన్నాడు.

రాజు ఎవరి మొరో వింటున్నాడు. ఆ మాట చెవికెక్కలేదు.

మధ్యాహ్నం భోజనశాలలో మళ్ళీ వంగి నిలబడ్డాడు. "పడవ సిద్ధం ప్రభూ. పోతాను."

"అదేం మాటయ్యా, అపశకునం!" అని రాజు నవ్వేశాడు.

సాయంత్రమైంది. కొలను నల్లగా ఉంది. గట్టున రాజు వెనక సేనాపతి, భటులు నిలబడ్డారు. పొదలో ఆకులు కదిలాయి. అక్కడ విలుకాడు ఉన్నాడని కుంతలుడికి తెలుసు. తెడ్డు పట్టి పడవెక్కాడు. రాజు ఒక కాలు ఎత్తాడు.

"పోతాను ప్రభూ" అన్నాడు కుంతలుడు మూడోసారి. కళ్ళ నిండా నీళ్ళు.

రాజు కాలు గాలిలోనే ఆగింది. అమ్మ మెలిపెట్టిన చెవి గుర్తొచ్చింది. మరచిపోయి అనే మాట కాదిది! పొద్దుటి నుంచీ సేనాపతి కుంతలుడి వెనకే ఉన్నాడని కూడా తట్టింది. అయినా చిరునవ్వుతో వెనుదిరిగి, సేనాపతిని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"పెద్దవారు. ముందు మీరెక్కండి" అన్నాడు.

సేనాపతి ముఖం పాలిపోయింది. కాలు కదపలేదు. రాజు పట్టు వదల్లేదు. బాణం వేస్తే సేనాపతికే తగిలేట్టుంది. అంతలో పడవలోకి బుడబుడమని నీళ్ళు ఎగదన్నాయి. "పొదలో విలుకాడు!" అని కుంతలుడు అరవగానే భటులు పొదలోకి దూకి విలుకాణ్ణి ఈడ్చుకొచ్చారు. సేనాపతిని బంధించారు. రాజు చేయందించి స్నేహితుణ్ణి గట్టుకు లాగాడు. ఆ వెంటనే కత్తి దూశాడు.

"ఆగండి ప్రభూ!" తడిబట్టలతోనే కుంతలుడు అడ్డుపడ్డాడు. "ఈయన అన్నగారి మాట ఆనాడు ఎవరూ వినలేదు. అందుకే ఇంత పగ పుట్టింది. ఈయన మాటైనా వినండి."

రాజు కత్తి దించాడు. పెద్దలను పిలిచి విచారించాడు. ఉగ్రబాహుడి అన్న నిర్దోషి అని తేలింది. రాజు నిండు సభలో ఆ మాట చాటి, తండ్రి తరఫున తల వంచాడు. ఉగ్రబాహుడు చెరసాలకు వెళ్ళాడు గానీ, ఏడుస్తూ వెళ్ళాడు. ఆ పగ అక్కడితో ఆగింది.

కుంతలుడు ఇంటికి బయల్దేరాడు. గుమ్మం దగ్గర వెనుదిరిగాడు. రాజు ఊపిరి బిగబట్టాడు.

"పోయొస్తాను ప్రభూ."

రాజు పసిపిల్లవాడిలా ఏడ్చేశాడు.

పిల్లలూ, నోరు కట్టేసినా నిజం చెప్పే దారి వెతికేవాడే స్నేహితుడు. ఆ చిన్నమాటను చెవిన పెట్టినవాడే బతికి బయటపడతాడు.