కళ్ళు తెరవని ముంగిస పిల్ల

అనగనగా ఓ కొండ పక్క అడవి, నాన్నలూ. ఆ అడవిలో నూకాలు అనే ముంగిస ఉండేది. దానికి తొలిచూలు కొడుకు పుట్టాడు. గుప్పిట్లో పట్టేంత పిల్లాడు. కళ్ళు మాత్రం మూసుకునే ఉన్నాడు.

పొరుగున ఉండే జింక బిడ్డను చూడ్డానికి వచ్చింది.

"ఏమిటి వదినా, వీడు కళ్ళే తెరవడు? మావాడు పుట్టిన పూటే లేచి గంతులేశాడు. కాస్త ఆకుపసరు పిండి కళ్ళల్లో పొయ్యి. వాడే తెరుస్తాడు" అని చెప్పి వెళ్ళింది.

బిడ్డకి చూపే రాదేమోనని నూకాలు భయపడింది. గబగబా ఆకులు నలిపి, దొప్పలో పసరు పట్టింది.

బొరియ మూల నుంచి అత్తగారు లేచి వచ్చింది.

"ఆగు తల్లీ. ఆ పసరు మంటకి లేత కళ్ళు ఏమైపోతాయి? పోసింది మళ్ళీ తియ్యలేవు."

"మరి జింక వదిన కొడుకు చూస్తున్నాడు కదా అత్తా?"

"వాడు బయట గడ్డిలో పుట్టాడు. చూసి పరిగెత్తకపోతే పులికి ఫలహారమే. మనవాడు వెచ్చటి బొరియలో పుట్టాడు. వాడికేం తొందర? ఏ బిడ్డకి ఏది ముందివ్వాలో ఆ స్వామికి తెలుసు."

నూకాలు దొప్ప పట్టుకుని బొరియ బయటికి నడిచింది. పసరంతా నేల మీద పారబోసింది.

"వాడికి ముందు ఏం వచ్చిందో చూద్దువు గాని" అంటూ అత్తగారు పిల్లాణ్ణి తల్లికి దూరంగా పడుకోబెట్టింది. వాడు ముక్కు ఎగబీలుస్తూ అమ్మ వైపే పాక్కుంటూ వచ్చాడు. నానమ్మ అడ్డం పడుకుంటే ఆవిడ మీద ఎక్కి దిగిపోయాడు.

"నానమ్మనన్న మర్యాదైనా లేదు వెధవకి" అంటూ ముసలిది మురిసిపోయింది.

అలా ముందు వాసన తెలిసింది. కొన్నాళ్ళకి చెవులు విచ్చుకున్నాయి. అమ్మ జోల పాడితే ఏడుపు మానేవాడు. జింక పలకరిస్తే మళ్ళీ మొదలుపెట్టేవాడు.

"నా గొంతు అంత బాగుందన్నమాట" అని జింక కూడా నవ్వేసింది.

ఒక పొద్దున కళ్ళు సన్నగా తెరుచుకున్నాయి. వాడికి అంతా మంచు పట్టినట్టు కనబడింది. ఏదో పెద్ద నీడ మీదికి వంగింది. వాడు భయపడి వెనక్కి జరిగాడు. నూకాలు అలాగే వంగి ఉండిపోయింది.

వాడు ముక్కు చాచి వాసన చూశాడు. మెల్లగా తలెత్తి మళ్ళీ పైకి చూశాడు.

"అమ్మా, నీకు ముఖం కూడా ఉందే" అన్నాడు.

నీతి: ఒక్కో బిడ్డ ఎదుగుదలకి ఒక్కో వేళ ఉంటుంది. పక్కవాళ్ళ పిల్లల్ని చూసి మన బిడ్డను తొందరపెట్టకూడదు.